డిసెంబర్ 25న క్యాంపస్ ఎవరిది?

డిసెంబర్ మొదటి వారం నుంచి జనవరి మధ్య దాకా మన విశ్వవిద్యాలయాలకు అధికారిక లెక్కలో ఖాళీ కాలం. సెమిస్టర్ పరీక్షలు ముగుస్తాయి. శీతాకాల సెలవుల నోటీసు పడుతుంది. తెలుగు రాష్ట్రాల్లోనైతే సంక్రాంతి వెళ్లేదాకా హాస్టల్ గదులు సగానికి సగం తాళాలే. కానీ ఏప్రిల్‌ను పక్కన పెడితే అంబేడ్కరైట్ విద్యార్థికి ఏడాదిలో ఇంత బరువైన కాలం మరొకటి లేదు. డిసెంబర్ 6 బాబాసాహెబ్ మహాపరినిర్వాణ దినం. 25 మనుస్మృతి దహన దినం, అదే రోజు క్రిస్మస్. జనవరి 1 భీమా కోరేగావ్. 3 సావిత్రిబాయి ఫూలే జయంతి. 17 రోహిత్ వేముల వర్ధంతి. ఇన్ని తేదీల్లో కేంద్ర ప్రభుత్వ సెలవుల జాబితాలో ఉన్నది క్రిస్మస్ ఒక్కటే. ఆ రోజు మీద కూడా 2014 నుంచి 'సుపరిపాలన దినం' అనే మరో పేరు వేసి ఉంచారు.

ఈ ఆరు వారాలూ క్యాంపస్‌లో మిగిలేది ఎవరు? ఊరికి రానూ పోనూ రైలు చార్జీ భరించలేనివాళ్లు, ఫెలోషిప్ డబ్బులు ఆగిపోయిన రీసెర్చ్ స్కాలర్లు, ఇల్లు చేరడానికే మూడు రోజులు పట్టే ఈశాన్య రాష్ట్రాల విద్యార్థులు, విదేశీ విద్యార్థులు, ఇంటికి వెళ్తే చదువు ఆగిపోతుందేమోనని భయపడే అమ్మాయిలు. చాలాచోట్ల మెస్ మూసేస్తారు, లైబ్రరీ వేళలు తగ్గిస్తారు. మత జీవితం అంటే మెటాఫిజిక్స్ క్లాసులో చెప్పేది అనుకునే అధ్యాపకులు ఒక్కసారి డిసెంబర్ చివరి వారంలో హాస్టల్‌కు వచ్చి చూడాలి. నాగా, మిజో పిల్లలు కామన్ రూంలో గిటార్ పట్టుకుని కేరల్స్ పాడుతుంటారు. పక్క బ్లాకులో నీలి జెండా కింద నలుగురు కూర్చుని త్రిశరణ పంచశీల చెప్పుకుంటుంటారు. హీటర్ మీద అన్నం వండుకుని పక్క గది ముస్లిం మిత్రుడితో కలిసి తినేవాళ్లు ఉంటారు. సర్వమత జీవనం మీద సెమినార్లు పెట్టే విశ్వవిద్యాలయానికి ఆ జీవనం తన కప్పు కిందే నడుస్తోందన్న సంగతి పట్టదు. ఆ రోజుల్లో దానికి మెస్ బిల్లు ఆదా కావడమే ముఖ్యం.

డిసెంబర్ 25 సంగతి కాస్త వివరంగా చూద్దాం, ఎందుకంటే ఈ దేశంలో ఇన్ని వాదనలు ఒకేచోట గుద్దుకునే తేదీ ఇంకొకటి దొరకడం కష్టం. క్రైస్తవులకు అది క్రీస్తు పుట్టినరోజు. మదన్ మోహన్ మాలవీయ 1861లో, అటల్ బిహారీ వాజ్‌పేయి 1924లో పుట్టిందీ అదే రోజు. 1927లో అదే రోజున మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టారు. 2014లో సుపరిపాలన దినం ప్రకటించినప్పుడు పాఠశాలల్లో వ్యాస రచన పోటీలంటూ దుమారం రేగింది. పాల్గొనడం ఐచ్ఛికమేనని ప్రభుత్వం సర్దిచెప్పుకోవలసి వచ్చింది. ఆ తరువాత పదేళ్లకు, 2024 డిసెంబర్ 25న, మాలవీయ స్థాపించిన బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో మనుస్మృతి దహన దినం సందర్భంగా చర్చకు కూడిన విద్యార్థులపై కేసులు పెట్టి ముగ్గురు అమ్మాయిలతో సహా 13 మందిని జైలుకు పంపారు. బెయిల్ వచ్చేసరికి కొత్త సంవత్సరం వచ్చేసింది. వ్యవస్థాపకుడి పుట్టినరోజు వేడుకకు అనుమతి ఉంది, ఆయన పవిత్రమనుకున్న శాస్త్రాన్ని ప్రశ్నించడానికి లేదు. ఇదీ ఆ క్యాంపస్ ఆధ్యాత్మిక వాతావరణం.

మనుస్మృతి దహనాన్ని ఒక మతం మీద ద్వేషంగా చూపించడం ఇప్పుడు అలవాటుగా మారింది. మహద్‌లో ఏం జరిగిందో గుర్తు చేసుకుంటే ఈ మాట నిలవదు. ఆ సభకు స్థలం ఇవ్వడానికి ఊళ్లోని సవర్ణులు ఎవరూ ముందుకు రాలేదు. ఇచ్చింది ఫత్తేఖాన్ అనే ముస్లిం. గ్రంథాన్ని తగలబెట్టాలన్న తీర్మానం ప్రవేశపెట్టింది గంగాధర్ నీలకంఠ సహస్రబుద్ధే, పుట్టుకతో బ్రాహ్మణుడు. కూడింది వేలాది మంది అంటరానివాళ్లు. అప్పటికి బాబాసాహెబ్ హిందూ మతాన్ని వదిలేస్తానని కూడా అనలేదు. యేవలా ప్రకటనకు ఇంకా ఎనిమిదేళ్లుంది. చెరువులో నీళ్లు తాగే హక్కు కోసం ఒక ముస్లిం నేల మీద, ఒక బ్రాహ్మణుడి నోట, దళితుల సమక్షంలో ఆ తీర్మానం వెలువడింది. సర్వమత సమావేశం అంటే మాకు గుర్తొచ్చేది ఇది. వేదిక మీద ఒక పురోహితుడు, ఒక పాస్టర్, ఒక మౌల్వీ వరసగా కూర్చుని చెరొక శ్లోకం చెప్పి శాలువాలు కప్పించుకునే కార్యక్రమం కాదు.

ఆ రెండో రకానికి మన ఉన్నత విద్యలో పాత చరిత్రే ఉంది. 1948-49 నాటి రాధాకృష్ణన్ కమిషన్ స్వతంత్ర భారత విశ్వవిద్యాలయాలకు దారి వేసిన పత్రం. అందులో మత విద్యకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. రోజూ పని మొదలయ్యే ముందు కొన్ని నిమిషాలు మౌన ధ్యానం చేయించమని, డిగ్రీ మొదటి ఏడాదిలో మహాపురుషుల జీవితాలు బోధించమని అది సూచించింది. ఆ జాబితాలో బుద్ధుడు, కన్ఫ్యూషియస్, జరతుష్ట్ర, సోక్రటీస్, ఏసు, శంకరుడు, రామానుజుడు, మధ్వుడు, మహమ్మద్, కబీర్, నానక్, గాంధీ ఉన్నారు. చైనా దాకా, గ్రీసు దాకా వెళ్లిన ఆ చూపు పూనా వెళ్లి జోతిబా ఫూలేను చూడలేకపోయింది. రవిదాసు లేడు, నారాయణ గురు లేడు. ఆడవాళ్లు ఒక్కరూ లేరు. వేదాంత ఆచార్యులకు మాత్రం మూడు కుర్చీలు. అన్ని మతాలూ ఒక్కటే చెబుతాయన్న మాట ఎప్పుడూ పైవాళ్లకు అనుకూలంగానే పనిచేసింది. అన్నీ ఒక్కటే అయితే కులాన్ని శాస్త్రంగా రాసుకున్న మతాన్ని విడిగా నిలదీసే అవసరం ఎవరికీ రాదు కదా.

ఫూలే ఈ చిక్కును మరోలా విప్పాడు. ఆయన చదివింది పూనాలోని స్కాటిష్ మిషన్ స్కూల్లో, కానీ క్రైస్తవుడు కాలేదు. ఆయన చనిపోయాక 1891లో అచ్చయిన 'సార్వజనిక సత్యధర్మ పుస్తకం'లో ఒక కుటుంబాన్ని ఊహించాడు. భార్య బౌద్ధం తీసుకోవచ్చు, భర్త క్రైస్తవం, కూతురు ఇస్లాం, కొడుకు సత్యధర్మం. ఒకే ఇంట్లో ఒకరినొకరు ద్వేషించకుండా బతకవచ్చు. ఇందులో అన్ని మతాలూ ఒకటే అన్న వేదాంతం లేదు. ఎవరి మతాన్ని వాళ్లు చదివి ఎంచుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఆ తరువాత కూడా ఒకే చూరు కింద ఉండవచ్చు అనే స్వేచ్ఛ ఉంది. హాస్టల్ గది కన్నా ఈ ఊహకు దగ్గరగా ఉన్న చోటు ఇంకెక్కడుంది?

ఇక్కడే అసలు విషయానికి రావాలి. ఆ ఎంచుకునే స్వేచ్ఛ అందరికీ సమానంగా లేదు. తెలుగు నేల నుంచి వచ్చే దళిత విద్యార్థుల్లో ఎంతోమందికి ఇది ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. 1878 జూలైలో ఒంగోలు దగ్గర జాన్ క్లౌ మిషన్‌లో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న చరిత్ర మనది. మాల మాదిగ పల్లెల్లో మొదటి బడి, మొదటి ఆసుపత్రి చాలాచోట్ల మిషన్‌వే. జాషువా క్రైస్తవ కుటుంబంలో పుట్టాడు. 'గబ్బిలం'లో మాత్రం గుడిలోకి వెళ్లలేని మనిషి గబ్బిలంతో కాశీ విశ్వనాథుడికి తన గోడు పంపుకుంటాడు. 'క్రీస్తు చరిత్ర'కు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నదీ ఆయనే. ఒకే కవిలో రెండు మతాల దేవుళ్లూ ఉన్నారు, ఇద్దరి ముందూ అడగవలసిన ప్రశ్న ఒక్కటే. మన ఇళ్లు కూడా అలాంటివే. అమ్మమ్మ పోలేరమ్మకు కోడిని కోస్తుంది, అమ్మ ఆదివారం చర్చికి వెళ్తుంది, నాన్న గోడ మీద బాబాసాహెబ్ ఫోటో పెడతాడు. కొడుకు సర్టిఫికెట్‌లో మాత్రం హిందూ అని ఉంటుంది.

అలా ఉండక తప్పదు. 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డ్ కులాల) ఉత్తర్వులోని మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డ్ కులం వాడు కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు ఇప్పటికీ బయటే. చెప్పులు కుట్టుకునే ఒక దళిత క్రైస్తవుడు తోటి చర్మకారులకు ప్రభుత్వం ఇచ్చిన బంకు తనకూ ఇమ్మని సుప్రీం కోర్టు దాకా వెళ్తే, మతం మారాక కూడా వెనుకటి అణచివేతే కొనసాగుతోందని నిరూపించలేదని 1985లో సూసై కేసులో కొట్టేశారు. అదే పని, అదే రోడ్డు పక్క, అదే కులం. మారింది ప్రార్థన ఒక్కటే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన ఏర్పాటులో క్రైస్తవంలోకి మారిన షెడ్యూల్డ్ కులాల వారిని బీసీ-సీ అన్నారు, వాటా 1 శాతం. 15 నుంచి 1కి పడిపోవడమే చర్చి గుమ్మం దాటినందుకు ధర.

కోర్టుల ధోరణి కూడా ఈమధ్య బిగుసుకుంటోంది. 2024లో సరిగ్గా రాజ్యాంగ దినోత్సవం నాడు, నవంబర్ 26న, పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో సుప్రీం కోర్టు విశ్వాసం లేకుండా రిజర్వేషన్ కోసమే మతం చెప్పుకోవడం రాజ్యాంగానికి మోసమని తేల్చింది. ఆమె చర్చికి వెళ్తున్న విషయం ఆమెకు వ్యతిరేకంగా నిలిచింది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు క్రైస్తవంలోకి మారినవాళ్లు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఫిర్యాదు చేయలేరని చెప్పింది. కొట్టేవాడు కులం చూసి కొడతాడు, కోర్టు మాత్రం దెబ్బలు తిన్నవాడి మతం అడుగుతుంది. రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ మత షరతును తీసేయమని 2007లోనే సిఫారసు చేసింది. ఆ నివేదికను పక్కన పెట్టి 2022లో కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేశారు, రెండేళ్ల గడువు ముగిశాక పొడిగించారు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది.

ఇది న్యాయశాస్త్రం క్లాసు విషయంగానే ఉండిపోతే బాగుండేది. హాస్టల్‌లో మాత్రం దీనికి ఇంకో రూపం ఉంది. క్రిస్మస్‌కు గది తలుపు మీద కాగితపు నక్షత్రం వేలాడదీయాలా వద్దా? కేరల్స్ బృందంలో నిలబడి తీయించుకున్న ఫోటోను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టవచ్చా? రేపు ఎవడైనా స్క్రీన్‌షాట్ తీసి, ఇతను క్రైస్తవుడు, ఎస్సీ సీటు ఎలా వచ్చింది అని కలెక్టర్‌కు పిటిషన్ పెడితే? అగ్రకులపు విద్యార్థికి క్రిస్మస్ అంటే కేకు, టోపీ, సెల్ఫీ. అతను ఎన్ని చర్చిలు తిరిగినా అతని కులం ఎక్కడికీ పోదు. దళిత విద్యార్థికి అదే రాత్రి తన భవిష్యత్తు మీద పందెం. ఆర్టికల్ 25 అంతరాత్మ స్వేచ్ఛ ఇచ్చింది, 1950 ఉత్తర్వు దానికి రుసుము పెట్టింది. ఆ రుసుము దళితుల దగ్గర మాత్రమే వసూలు చేస్తున్నారు. మత స్వేచ్ఛ మీద మన క్యాంపస్‌లలో రాసే పరిశోధన వ్యాసాల్లో ఈ భయం ఎక్కడా కనబడదు, బహుశా ఆ వ్యాసాలు రాసేవాళ్లకు అది లేదు కాబట్టి.

చర్చి ఇందులో నిర్దోషి అని మేము అనడం లేదు. మతం మారినవాళ్ల పరిస్థితి మీద బాబాసాహెబ్ రాసినవి చదివితే ఆయన ఎంత కటువుగా మాట్లాడాడో తెలుస్తుంది. కులాన్ని చర్చి గుమ్మం దగ్గర విడిచిపెట్టించలేకపోయిందని ఆయన ఆరోపణ. రెడ్డి, కమ్మ క్రైస్తవులు ఒక వరసలో, మాల మాదిగ క్రైస్తవులు మరో వరసలో ఉండటం తెలుగు నేల మీద ఇప్పటికీ పూర్తిగా పోలేదు. హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ ఆంథోనీ పూల 2022లో కార్డినల్ అయినప్పుడు మొదటి దళిత కార్డినల్ అని అందరూ సంబరపడ్డారు. ఆ 'మొదటి' అన్న మాట రావడానికి ఇన్ని శతాబ్దాలు ఎందుకు పట్టిందో ఎవరూ గట్టిగా అడగలేదు.

ఇక పాలనా యంత్రాంగం సంగతి. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మత బోధన ఉండకూడదని ఆర్టికల్ 28 చెబుతుంది. ప్రభుత్వ గుర్తింపో సహాయమో పొందే ఏ సంస్థలోనూ ఎవరినీ మత ఆరాధనలో బలవంతంగా కూర్చోబెట్టకూడదని కూడా చెబుతుంది. అయినా కొత్త భవనానికి భూమి పూజ, కొత్త పరికరానికి కొబ్బరికాయ, ఆయుధ పూజకు ల్యాబ్‌లో కుంకుమ మనకు వింతగా తోచవు. వైస్ చాన్సలర్ ధోవతి కట్టి పూజలో కూర్చుంటే సంప్రదాయం, విద్యార్థులు డిసెంబర్ 6న దీపాలు పట్టుకుని నడిస్తే రాజకీయం. ఒకదానికి నిధులు, మరొకదానికి షోకాజ్ నోటీసు.

పొరుగు దేశాలను చూస్తే ఈ తేడా ఇంకా స్పష్టమవుతుంది. ఢాకా విశ్వవిద్యాలయంలో ముస్లిమేతర విద్యార్థుల జగన్నాథ్ హాల్ మైదానంలో మాఘంలో సరస్వతీ పూజ జరుగుతుంది, విభాగానికి ఒకటి చొప్పున మండపాలు వేస్తారు. అక్కడ అది మైనారిటీ విద్యార్థులు తమ ఉనికిని చాటుకునే రోజు. అదే సరస్వతి మన ప్రభుత్వ విద్యాసంస్థల గోడ మీద అధికారిక చిహ్నంలా కూర్చున్నప్పుడు అర్థం తలకిందులవుతుంది. 2023లో ఇస్లామాబాద్‌లోని ఖాయిదే ఆజం విశ్వవిద్యాలయంలో విద్యార్థులు హోలీ ఆడితే పాకిస్తాన్ ఉన్నత విద్యా కమిషన్ మండిపడుతూ లేఖ రాసింది, విమర్శలు రాగానే వెనక్కి తీసుకుంది. ఆ లేఖ చూసి ఇక్కడ నవ్విన పెద్దమనుషులు బనారస్ అరెస్టుల దగ్గర మౌనంగా ఉన్నారు. ఏ దేశంలోనైనా పండుగను తూచవలసింది దాని వెనుక ఎవరి అధికారం ఉందో చూసి.

మెస్ కూడా ఆరాధనా స్థలమే, మనం అలా పిలవకపోయినా. 2018 డిసెంబర్‌లో ఐఐటీ మద్రాసు మెస్‌లో శాకాహారులకు, మాంసాహారులకు వేరు వేరు ద్వారాలు, చేతులు కడుక్కునే చోట్లు చూపిస్తూ పోస్టర్లు వెలిశాయి. గొడవయ్యాక తీసేశారు. 2023లో ఐఐటీ బాంబేలో కొన్ని టేబుళ్లను శాకాహారులకే కేటాయించారు, దానికి నిరసన తెలిపిన విద్యార్థికి 10,000 రూపాయల జరిమానా వేశారు. 2025 మహాశివరాత్రి నాడు ఢిల్లీలోని సౌత్ ఏషియన్ యూనివర్సిటీలో, అదీ ఎనిమిది దేశాల పేరు మీద నడిచే చోట, మెస్‌లో మాంసాహారం వడ్డించడం మీద ఘర్షణ జరిగింది. వేరు ద్వారం, వేరు కుళాయి, వేరు టేబుల్. ఈ ఆధ్యాత్మికత మా తాతలకు బాగా తెలుసు. వాళ్లు దాన్ని మహద్ చెరువు గట్టు మీద చూశారు.

2015 డిసెంబర్‌లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం అయిదుగురు దళిత రీసెర్చ్ స్కాలర్లకు హాస్టల్‌లో, ఉమ్మడి స్థలాల్లో చోటు లేదంది. జనవరిలో వాళ్లు పరుపులు, బాబాసాహెబ్ పటం తెచ్చుకుని ఆరుబయట పడుకున్నారు. ఆ చోటుకు వెలివాడ అని పేరు పెట్టారు. సంక్రాంతి సెలవుల్లో క్యాంపస్ ఖాళీ అవుతుంటే వాళ్లు ఆ చలిలోనే ఉన్నారు. 17న రోహిత్ వెళ్లిపోయాడు. ఆ తరువాత రూపన్‌వాల్ కమిషన్ అతను దళితుడు కాడంది. 2024లో తెలంగాణ పోలీసుల ముగింపు నివేదిక కూడా అదే మాట చెప్పింది, నిరసనలు రావడంతో మళ్లీ దర్యాప్తు చేస్తామన్నారు. బతికుండగా కులం చూసి బయటికి నెట్టారు, పోయాక కుల ధ్రువపత్రం అడిగారు. అతని తల్లి రాధిక, తమ్ముడు రాజా 2016 ఏప్రిల్ 14న ముంబైలో బౌద్ధం స్వీకరించారు. విశ్వవిద్యాలయం ఇవ్వని గౌరవం వాళ్లు ధమ్మంలో వెతుక్కున్నారు. బాబాసాహెబ్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో మతం వ్యక్తిగతమని, ధమ్మం సామాజికమని విడదీశాడు. ఒంటరిగా ఉన్న మనిషికి ధమ్మం అక్కరలేదు, ఇద్దరు కలిసి బతకాల్సి వచ్చిన చోట అది లేకుండా కుదరదు. వెలివాడ ఆ అర్థంలో ధమ్మ స్థలం. 2019 జనవరిలో దాన్ని కూడా తొలగించారు.

విశ్వవిద్యాలయం ఎలా ఉండాలని బాబాసాహెబ్ అనుకున్నాడో తెలియడానికి ఊహించనక్కరలేదు, ఆయనే కట్టి చూపించాడు. పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ తరఫున బొంబాయిలో 1946లో పెట్టిన కాలేజీకి సిద్ధార్థ అని, 1950లో ఔరంగాబాద్‌లో పెట్టినదానికి మిలింద అని పేర్లు పెట్టాడు. అప్పుడు ఔరంగాబాద్ హైదరాబాద్ రాష్ట్రంలో భాగం. మిలిందుడు గ్రీకు రాజు, నాగసేనుడు బౌద్ధ భిక్షువు. వేరే దేశపు మూలాలున్న, వేరే సంప్రదాయపు రాజు ఎడతెగకుండా ప్రశ్నలు వేస్తాడు, భిక్షువు జవాబులిస్తాడు. కాలేజీకి ప్రశ్నించినవాడి పేరు పెట్టి, దాని ఆవరణను జవాబు చెప్పినవాడి పేరుతో నాగసేనవనం అన్నాడు బాబాసాహెబ్. గురువు పేరు శిలాఫలకం మీద, శిష్యుడు గుమ్మం బయట అనే ఏకలవ్య సంప్రదాయానికి ఇంతకన్నా సూటి జవాబు మాకు కనబడదు. ఆ తరువాత మూడేళ్లకు, 1953 జనవరి 12న, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

అందుకే ఈ సెలవుల ముందు మేము అడుగుతున్నవి చాలా మామూలు విషయాలు. హాస్టల్‌లో పదిమంది మిగిలినా మెస్ నడపండి, ఏం వండాలో ఆ పదిమందినీ అడగండి. క్రిస్మస్‌కు ఇచ్చిన హాలు మనుస్మృతి దహన దినానికి కూడా ఇవ్వండి, ఒకరి అనుమతి పత్రంలో లేని షరతులు మరొకరికి పెట్టకండి. సర్వమత ప్రార్థన పెట్టేవాళ్లు దేవుడిని నమ్మని విద్యార్థిని కూడా పిలవండి. పాలకులు తమ పూజలు తమ ఇంట్లో చేసుకోవచ్చు. మూడో పేరా తొలగింపు మీద విశ్వవిద్యాలయాల న్యాయ, సామాజిక శాస్త్ర విభాగాలు కమిషన్ ముందుకు తమ పరిశోధనతో వెళ్లాలి. తెలుగు రాష్ట్రాల విభాగాలకు ఈ పని మరీ ఎక్కువగా ఉంది, క్షేత్రం వాళ్ల గుమ్మంలోనే ఉంది కాబట్టి. అధ్యాపక మిత్రులకు ఇంకో మాట. మీ విద్యార్థుల్లో ఎవరైనా డిసెంబర్ 25న ఏం చేశావంటే తడబడితే, దయచేసి రెండోసారి అడగకండి.